అటిక్‌లో మంచం వేస్తే బెడ్‌రూమ్ అయిపోదు

పోయిన వారం ఇక్కడ అమెరికాలో మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, అటిక్‌లో, అంటే ఇంటి కప్పు కిందుండే ఖాళీ చోట్లో, గది అద్దెకని ఒక ప్రకటన వచ్చింది. "విశాలమైన అటిక్ బెడ్‌రూమ్. కొత్త కార్పెట్. వైఫై, కరెంటు కలిపే అద్దె. ట్రెయిన్ స్టేషన్‌కి నడిచిపోవచ్చు. వెజిటేరియన్ స్టూడెంట్ అయితే మంచిది." కింద నాలుగు ఫొటోలు. మూడింట్లో మంచం, చదువుకునే బల్ల, తెల్లగా మెరిసిపోతున్న డ్రైవాల్, అంటే గోడకి కొట్టే జిప్సం పలకలు. నాలుగోదాంట్లో ఆ గదికున్న ఒకే ఒక కిటికీ. గోడ పైకొసన, కప్పు కోణం కింద, ఒక మనిషి తల మాత్రం పట్టేంత ఉంది. పైకి ఎలా ఎక్కాలో చూపించే ఫొటో లేదు. గంట తిరక్కుండానే ముగ్గురు పిల్లలు "ఇంటరెస్టెడ్ అంకుల్" అని పెట్టేశారు.

ఆ ఇంటాయన నాకు తెలుసు. అద్దెకుండే పిల్లలకి పండగ పూట పులిహోర పంపించే మనిషి. దురాశతో చేసిన పని అని నేను అనుకోవడం లేదు. అందుకే ఇంత పొడుగు టపా రాస్తున్నాను. పైన ఖాళీ ఉంది, డ్రైవాల్ కొట్టి కార్పెట్ పరిస్తే గది అయిపోతుందన్న నమ్మకం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. అర్ధరాత్రి పొగకి మెలకువ వచ్చిన మనిషి అందులోంచి ప్రాణాలతో బయటపడగలిగితేనే దాన్ని బెడ్‌రూమ్ అనాలి. అది కుదరని అటిక్ మీద ఎంత డబ్బు పోసినా అది సామాన్ల గదే. దాన్ని సూట్‌కేసులకీ బొమ్మల కొలువు పెట్టెలకీ వదిలేయడమే న్యాయం.

అటిక్ జోలికే పోవద్దని కాదు నేననేది. మా ఇంట్లో మేమూ చేయించుకున్నాం.

పైభాగం వదిలేసి కట్టిన ఇళ్లు

మాది న్యూజెర్సీలో 1950లలో కట్టిన కేప్ కాడ్ ఇల్లు, అంటే ఏటవాలు కప్పు కింద ఒకటిన్నర అంతస్తు ఉండే చిన్న ఇల్లు. ఈ తరహా ఇళ్లకి అటిక్ గది కొత్త సంగతి కాదు. 1947లో లెవిట్ అండ్ సన్స్ కంపెనీ లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ మొదలుపెట్టినప్పుడు అమ్మకానికీ అద్దెకీ సులువుగా ఉండేలా 750 చదరపు అడుగుల చిన్న కేప్ కాడ్ ఇళ్లు కట్టింది. పై భాగాన్ని కావాలనే పూర్తి చేయకుండా వదిలింది. పిల్లలు పుట్టాక, చేతిలో నాలుగు డబ్బులాడాక ఇంటివాళ్లే పూర్తి చేసుకుంటారని. చేసుకున్నారు కూడా. ఆ లెవిట్‌టౌన్ ఒప్పందాల్లో తెల్లవాళ్లు కానివాళ్లు అక్కడ ఉండకూడదని షరతు ఉండేది. అదే నమూనా ఇళ్లల్లో ఇవాళ మన పిల్లలు పెరుగుతున్నారు. మెట్లెక్కుతున్నప్పుడు నాకు ఆ మాట తరచూ గుర్తొస్తుంది. దాని గురించి వేరే రాస్తాను.

మా ఇంటికి కూడా పైకి మెట్లు మొదటి నుంచీ ఉన్నాయి, గది మాత్రం లేదు. వాసాలు, అంటే కప్పుని మోసే రాఫ్టర్లు, బయటికే కనిపిస్తుండేవి. ఈ తరహా ఇల్లు కాకపోతే, ముఖ్యంగా 1970ల తర్వాత కట్టినదైతే, అటిక్ తలుపు తీయగానే డబ్ల్యూ ఆకారంలో అల్లిన ట్రస్సులు కనిపిస్తాయి. ఆ అడ్డకర్రలు అడ్డమొస్తున్నాయని ఒక్కటి కోసినా కప్పు బలం పోతుంది. ట్రస్సులున్న ఇంట్లో గది ఆలోచన చేసేవాళ్లు కాంట్రాక్టర్ కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి.

నేల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాత అటిక్‌లలో మనం నిలబడేది నిజానికి నేల కాదు, కింది గది సీలింగ్‌ని పట్టుకున్న కర్రలు. మామూలు సామాన్లు పెట్టే అటిక్‌కి చదరపు అడుగుకి 20 పౌండ్ల బరువు లెక్కేస్తారు, సామానే పెట్టనిదానికి 10. పడుకునే గదికి 30 ఉండాలి. అందుకని పాత కర్రల పక్కన లోతైన కొత్త కర్రలు జత చేయించాలి. మా ఇంట్లో అయిదున్నర అంగుళాల కర్రల పక్కన ఏడుంపావు అంగుళాలవి వేశారు. నేల ఆ మేరకు పైకి లేచింది, పైనుంచి కప్పు కిందికి దిగింది. కోడ్ (ఇళ్లు కట్టడానికి ప్రభుత్వం పెట్టిన నిబంధనలు) ప్రకారం గదికి కనీసం 70 చదరపు అడుగుల చోటు ఉండాలి, అందులో సగానికి ఏడడుగుల ఎత్తు ఉండాలి, అయిదడుగుల కంటే తక్కువ ఎత్తున్న భాగం లెక్కలోకే రాదు. కప్పు మధ్య దూలం కింద నిలబడి "బోలెడంత ఎత్తుంది" అనుకునేవాళ్లు ఈ రెండు వైపులా తగ్గే అంగుళాలు ముందే తీసేసి చూసుకోవాలి.

వేడి

మా అత్తగారు తెనాలి దగ్గర పెంకుటింట్లో పుట్టి పెరిగిన మనిషి. పని మొదలుపెట్టక ముందు ఒక జులై మధ్యాహ్నం పైకి వచ్చి, రెండు నిమిషాలు కూడా నిలబడలేక దిగిపోయారు. "మా పెంకుటింట్లో ఎండ ఎంత కాసినా ఇలా ఉడికిపోలేదే" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఇక్కడ కప్పు మీద నల్లటి తారు పలకలు (షింగిల్స్), వాటి కింద చెక్క, దారి లేదు. వేసవిలో ఇలాంటి అటిక్‌లో 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. సెల్సియస్‌లో దాదాపు 50.

చలికాలం సంగతి చాలామంది చూడరు. డిసెంబరులో ఒక పొద్దున నేను టార్చ్ లైటు పట్టుకుని పైకి వెళ్తే, షింగిల్స్ కొట్టిన మేకుల మొనలు లోపలికి పొడుచుకొచ్చినచోటల్లా తెల్లగా మంచు పట్టి ఉంది. వందల మేకులు, ప్రతి మొన మీదా. కింద మనం పెట్టిన కుక్కర్ ఆవిరి, స్నానాల ఆవిరి పైకి చేరి, చల్లటి మేకు మీద గడ్డకట్టింది. ఎండెక్కాక అది కరిగి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ మేకుల మీదుగా వేడినీ చలినీ ఆపే దూదిలాంటి ఇన్సులేషన్ కుక్కేసి డ్రైవాల్ కొట్టేస్తే ఆ నీళ్లు గోడ లోపలే ఉంటాయి. రెండు మూడేళ్లకి బూజు వాసన మొదలవుతుంది. బయటికి కనిపించదు కాబట్టి కారణం ఎవరికీ తెలియదు.

దీనికి మందు ఉంది, కాకపోతే ఖరీదైనది. రాఫ్టర్ లోతు అయిదున్నర అంగుళాలు. కప్పు చెక్క కింద గాలి ఆడటానికి అంగుళం వదిలితే మిగిలేది నాలుగున్నర. అందులో మామూలు ఫైబర్‌గ్లాస్ పడితే ఆర్-విలువ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 17 దరిదాపుల్లో ఆగిపోతుంది. ఈ చలి ప్రాంతాల్లో అటిక్‌లకి 49, 60 అని మాట్లాడుకుంటారు. కాబట్టి రాఫ్టర్లకి కింద కర్రలు జత చేసి లోతు పెంచాలి, లేదా అంగుళానికి ఆరు పైగా విలువ ఇచ్చే క్లోజ్డ్ సెల్ ఫోమ్ కొట్టించాలి. మా బడ్జెట్‌లో పెద్ద ముక్క దీనికే పోయింది. బయటికి కనిపించని పని కాబట్టి మనవాళ్లు మొదట కోత పెట్టేదీ ఇక్కడే. ఫొటోలో కార్పెట్ పడుతుంది, ఇన్సులేషన్ పడదు.

ఇంకొక్క మాట. పాత అటిక్ నేలలో వెండి రంగు, బూడిద రంగు గులకరాళ్లలాంటి ఇన్సులేషన్ కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు, ఊడ్చవద్దు. అది వర్మిక్యులైట్. మోంటానాలోని లిబ్బీ గని 1990లో మూతపడేదాకా ఈ దేశంలో వాడిన వర్మిక్యులైట్‌లో ఎక్కువ భాగం అక్కడిదే, అందులో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండేది. అలాంటిది ఉంటే ముందు దాని పని తెలిసినవాళ్లని పిలిచి, తర్వాతే గది సంగతి చూడాలి.

పోపు ఎటు పోతే పొగ అటే

ఒక ఆదివారం కింద పప్పులోకి ఎండుమిర్చి, ఇంగువ పోపు వేస్తున్నాను. పైన చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గుతూ "అమ్మా, ఏం మాడుతోంది?" అని కేకేసింది. పొయ్యి దగ్గర నిలబడ్డ నాకు దగ్గు రాలేదు. ఏదీ మాడలేదు కూడా. వేడి గాలి వంటింట్లోంచి మెట్ల దారి పట్టి నేరుగా పై గదిలో చేరింది. కింద ఏం కాలినా ముందు తెలిసేది, ముందు ఊపిరాడనిది పైన పడుకున్నవాళ్లకే అని ఆ రోజు నాకు కళ్లకు కట్టినట్టు అర్థమైంది.

మంటల మీద పరిశోధనలు చేసే యూఎల్ సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. నలభై ఏళ్ల కిందట ఇల్లు అంటుకుంటే బయటపడటానికి 17 నిమిషాల దాకా ఉండేదట. ఇప్పుడు సోఫాల్లో ఫోమ్, సింథటిక్ బట్ట, ప్లాస్టిక్ పెరిగి మూడు నిమిషాలే మిగిలింది. నిద్ర మత్తులో లేచి, పొగ ఎక్కడిదో తెలుసుకుని, పొగ వస్తున్న ఆ మెట్ల మీదుగానే దిగడానికి మూడు నిమిషాలు. అందుకే అటిక్ గదికి మెట్లు కాక ఇంకో దారి ఉండి తీరాలని కోడ్ అంటుంది. ఆ రెండో దారి కిటికీ.

ఆ కిటికీ కొలతలు చూస్తే వాటి వెనక ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. తెరిచినప్పుడు వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24. ఈ రెండూ సరిపోయినంత మాత్రాన చాలదు, తెరుచుకునే చోటు మొత్తం 5.7 చదరపు అడుగులు ఉండాలి. వెడల్పు 20 అంగుళాలే అయితే ఎత్తు 41 కావాలన్నమాట. అంత ఎందుకంటే, వీపున గాలి సిలిండర్ ఉన్న ఫైర్‌మన్ ఆ సందులోంచి లోపలికి రాగలగాలి. మనవాళ్ల ఇళ్లల్లో ఎక్కువగా ఉండేవి పైకీ కిందికీ జరిపే కిటికీలు. చూడటానికి పెద్దగా ఉంటాయి, తెరుచుకునేది మాత్రం సగమే. ఆ ప్రకటనలో కిటికీకి ఈ లెక్కల అవసరమే లేదు. అందులోంచి ఆరేళ్ల పిల్ల కూడా దూరదు.

కిటికీ గడప నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. మాకు ఫ్రేమింగ్, అంటే గోడల కర్రల చట్రం, అయ్యాక టౌన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి టేపు పెడితే 46 వచ్చింది. "రెండంగుళాలే కదా, కిటికీ కింద ఒక పెట్టె వేస్తాం" అన్నాడు మా కాంట్రాక్టర్. ఇన్‌స్పెక్టర్ విసుక్కోలేదు. "ఈ పెట్టె ఆ రోజు రాత్రి ఇక్కడే ఉంటుందని మీరు చెప్పగలరా?" అని అడిగాడు, అంతే. కాంట్రాక్టర్ కిటికీ ఊడదీసి కిందికి దించాడు. రెండు రోజుల కూలీ అదనం. ఆ రెండంగుళాలకి ఇచ్చిన డబ్బు నాకు ఏనాడూ దండగ అనిపించలేదు. మా అమ్మాయి ఆ గడప మీదికి తనంతట తాను ఎక్కగలదు.

అయితే కిటికీ ఉంటే చాలా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. మా తమ్ముడు ఇంగ్లండ్‌లో ఇలాంటి లోఫ్ట్ గదే కట్టించుకున్నాడు. రెండంతస్తుల ఇంటి మీద లోఫ్ట్ గది వేస్తే అక్కడి నిబంధనలు కిటికీని నమ్ముకోనివ్వవు. అంత ఎత్తు నుంచి దిగడం అయ్యే పని కాదు గనుక, పై గది నుంచి వీధి తలుపు దాకా మెట్ల దారిని అరగంట మంటకి తట్టుకునేలా కట్టమంటారు. ఆ దారిలోకి తెరుచుకునే గదుల తలుపులు కూడా అలాంటివే ఉండాలి. వాడి వంటింటికీ హాలుకీ బరువైన కొత్త తలుపులు వచ్చాయి. "ఇంత ఖర్చు తలుపులకా" అని మొదట్లో వాడు గొణుక్కున్నాడు.

నా మటుకు వాళ్ల పద్ధతే మేలనిపిస్తుంది. మా కేప్ కాడ్‌లో పై గది రెండో అంతస్తు ఎత్తులోనే ఉంటుంది, కిటికీకి తగిలించే నిచ్చెన సరిపోతుంది. వాట్సాప్‌లో పెట్టిన ఆ ఇల్లు రెండంతస్తుల కలోనియల్. దాని అటిక్ మూడో అంతస్తు కింద లెక్క. అక్కడ కోడ్‌కి సరిపోయే కిటికీ పెట్టినా దాని అవతల పాతిక అడుగుల గాలి. అలాంటి ఇంట్లో మెట్ల అడుగున గట్టి తలుపు పెట్టి రాత్రుళ్లు మూసి ఉంచడం, ఒక చోట పొగ తగిలితే ఇంటినిండా మోగేలా అలారాలన్నీ ఒకదానితో ఒకటి కలిపించడం కోడ్ అడిగినా అడక్కపోయినా చేయాల్సిన పనులని నా అభిప్రాయం.

"పర్మిట్ అంటే పన్ను పెంచమని పిలవడమే"

ఈ మాట మా స్నేహితుల్లో ఒకాయన అన్నాడు. కొట్టిపారేసే మాట కాదు. న్యూజెర్సీలో ఇంటి పన్ను సగటున ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. అటిక్‌ని గదిగా చూపిస్తే ఇంటి విలువ పెరిగినట్టే, పన్నూ పెరుగుతుంది. మాకూ పెరిగింది. ఫ్రేమింగ్‌కొకసారి, కరెంటుకొకసారి, ఇన్సులేషన్‌కొకసారి ఇన్‌స్పెక్టర్ కోసం ఎదురుచూడాలి. ఆయన చూసేదాకా డ్రైవాల్ కొట్టకూడదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి ఇదంతా టెన్షనే.

కానీ "పాత ఇంటికి కొత్త కోడ్ ఎలా సరిపోతుంది, ఎలాగూ రిజెక్ట్ చేస్తారు" అని అసలు అడగనే అడగకపోవడం మాత్రం నేను ఒప్పుకోను. ఉన్న ఇళ్లను బాగుచేసుకోవడానికి న్యూజెర్సీలో 1998 నుంచి ప్రత్యేకంగా రిహాబిలిటేషన్ సబ్‌కోడ్ ఉంది. కొత్త ఇంటి కొలతలన్నీ పాత ఇంటి మీద రుద్దకుండా, ప్రాణానికి అవసరమైనవి పట్టుకుని మిగతావాటిలో కొంత పట్టువిడుపు చూపించడానికే అది వచ్చింది. టౌన్ ఆఫీసుకు వెళ్లి ముందే మాట్లాడితే చాలా సందేహాలు అక్కడే తీరిపోతాయి.

పర్మిట్ లేని గది ఇల్లు అమ్మే రోజు బయటపడుతుంది. నాకు తెలిసిన దంపతులు నాలుగు బెడ్‌రూముల ఇల్లని అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్ల తరఫున వచ్చిన మనిషి పై గదికి పర్మిట్ కాగితాలు అడిగాడు. చివరికి మూడు బెడ్‌రూముల ధరకే పోయింది. పైగా డ్రైవాల్ వెనక కరెంటు పని ఎలా ఉందో చూపించడానికి కొత్తగా రంగులేసిన గోడని వాళ్లే పగలగొట్టాల్సి వచ్చింది.

మరి ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి?

ఇది నన్ను నిజంగా తిప్పలు పెట్టిన ప్రశ్న. ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చే పిల్లలు జర్సీ సిటీలో, హారిసన్‌లో అద్దెలు చూసి బెంబేలెత్తిపోతారు. చేతిలో ఉన్నది లోన్ డబ్బు. చాలామంది అమీర్‌పేటలో కోచింగ్ రోజుల్లో డాబా మీద రేకుల గదుల్లో, ఏప్రిల్ ఎండల్లో తడిగుడ్డ కప్పుకుని పడుకున్నవాళ్లే. వాళ్ల కంటికి ఈ కార్పెట్ గది స్వర్గం. "అక్కా, మీరు ఇలా రాస్తే ఆ ఉన్న గదులు కూడా పోతాయి" అని ఒక అబ్బాయి నాతో అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు.

కానీ రేకుల గదికీ దీనికీ తేడా ఉంది. డాబా మీద గది తలుపు తీస్తే ఆకాశం, పిట్టగోడ, అవసరమైతే పక్కింటి డాబా. ఎండకి మాడిపోతాం గానీ పొగలో చిక్కుకోం. ఇక్కడి అటిక్‌లో తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే ఇంకొకరి ఇల్లు, దాని కింద వంటిల్లు. ఆ అబ్బాయికి నేను చెప్పిందే ఇక్కడా చెబుతాను. కిందనున్న మామూలు బెడ్‌రూములో ఇద్దరు సర్దుకోవడం, ఆ అటిక్‌లో ఒక్కడు హాయిగా ఉండటం కంటే మంచిది. గది చూడటానికి వెళ్లినప్పుడు కార్పెట్ చూడకండి. కిటికీ పూర్తిగా తీసి, అందులోంచి మీ భుజాలు బయటికి పోతాయేమో చూడండి. పొగ అలారం బటన్ నొక్కి, కింది అంతస్తులోవి కూడా మోగుతున్నాయేమో వినండి. ఇంటాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

ఇంకో సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు. చట్టప్రకారం నివాసానికి పనికిరాని చోట అద్దెకుంచి, ఆ కారణంగా అద్దెదారుని ఖాళీ చేయించాల్సి వస్తే, యజమాని ఆరు నెలల అద్దెకు సమానమైన డబ్బు వాళ్లకి ఇవ్వాలనే చట్టం న్యూజెర్సీలో ఉంది. పులిహోర పంపే ఇంటాయనలు కూడా ఇది తెలుసుకోవాలి. నెలనెలా వచ్చే అద్దె చూసుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని గదిలో ఒకరి బిడ్డని పడుకోబెట్టడం చిన్న బాధ్యత కాదు.

పైన ఎవరు పడుకోవాలి

మనవాళ్లలో చాలామంది అటిక్ గది కట్టించేది అమ్మానాన్నల కోసం. ఆరు నెలలు ఉండిపోతారు, వాళ్లకంటూ ఒక గది ఉంటే బాగుంటుందని. మేమూ మొదట అలాగే అనుకున్నాం. గది పూర్తయ్యాక మా మామయ్యగారు చాలా సంబరపడ్డారు. జీవితమంతా వేసవి రాత్రులు డాబా మీద పడుకున్న మనిషి, "మేడ మీది గది నాకిచ్చేయండమ్మా" అన్నారు. ఇచ్చాం. మూడో రాత్రి రెండు గంటలప్పుడు మెట్ల మీద చప్పుడైతే లేచి వెళ్లాను. ఆయన బాత్రూమ్ కోసం దిగుతున్నారు. చీకట్లో ఒక చేయి గోడకి, ఒక చేయి రెయిలింగ్‌కి ఆనించి, ప్రతి మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి మరీ దిగుతున్నారు. మాకు నిద్ర పాడవుతుందని లైటు కూడా వేసుకోలేదు.

పాత కేప్ కాడ్ మెట్లు నిటారుగా ఉంటాయి. కొత్త కోడ్ మెట్టు ఎత్తుకి ఒక హద్దు పెడుతుంది, మావి అంతకంటే ఎక్కువే. కాళ్లలో బలం ఉన్నవాళ్లకి ఆ తేడా తెలియదు. డెబ్బై దాటిన మోకాలికి ప్రతి మెట్టు దగ్గరా తెలుస్తుంది. మరి పొగలో, అలారం మోతలో ఆ మనిషి ఆ మెట్లు ఎలా దిగుతాడు? కిటికీ నిచ్చెన ఎలా ఎక్కుతాడు?

మర్నాడే మా ఆయనా నేనూ మా సామాను పైకి చేర్చి, మా గదిని వాళ్లకిచ్చేశాం. మామయ్యగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. "నేనేమంత ముసలాణ్ణి అయిపోయానా" అన్నారు అత్తగారితో. కింద బాత్రూమ్ రెండడుగుల్లో ఉందని అలవాటయ్యాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆరు నెలలు గడిచి వాళ్లు వెళ్లిపోయాక కూడా మేం పైనే ఉండిపోయాం, కింది గది వాళ్లకోసం అలాగే ఉంచాం. మా అమ్మాయి గది మా పక్కనే. మంచం కింద నిచ్చెన పెట్టె ఎక్కడుందో, కిటికీ గడపకి దాని కొక్కేలు ఎలా తగిలించాలో దానికి నేర్పించాం. ఈ వేసవికి మా అమ్మ వస్తోంది. పై గది చూడాలని ఫోన్‌లో ఇప్పటి నుంచే అడుగుతోంది. పగలు ఎంతసేపైనా కూర్చోమన్నాను, పడక మాత్రం కిందేనని ముందే చెప్పేశాను.